కూర్చుంటే 96, మెట్లెక్కితే 83: నాన్న అలిపిరి మొక్కు గురించి సలహా కావాలి

గుంటూరు అమ్మాయి:

అందరికీ నమస్తే. మా నాన్నకి 66 ఏళ్లు. పత్తి మిల్లులో 32 ఏళ్లు గుమస్తాగా చేశారు. బీడీ, సిగరెట్ ఏనాడూ ముట్టలేదు. ఏడాదిన్నర నుంచి పొడి దగ్గు. ఎండలు తగ్గితే అదే పోతుందిలే అనుకున్నాం, పోలేదు. పోయిన కార్తీకంలో సీటీ స్కాన్ తీయించాక ఐఎల్‌డీ అన్నారు. ఊపిరితిత్తుల లోపలి గోడలు మందమై గట్టిపడుతున్నాయట. మందులు వాడుతున్నాం.

నా ప్రశ్న ఆక్సిజన్ గురించి. కరోనా రెండో వేవ్‌లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ బీరువాలో పడి ఉంటే బ్యాటరీలు మార్చి చూశాను. సోఫాలో కూర్చున్నప్పుడు 96. మాది మేడ మీద పోర్షన్, 19 మెట్లు. పైకి రాగానే పెడితే 88. ఆయన కుర్చీలో కూలబడ్డాక ఇంకా దిగి 83 చూపించింది! మూడు నాలుగు నిమిషాలకి మళ్లీ 95. ఎక్కేటప్పుడు తగ్గిందంటే అర్థముంది, కూర్చున్నాక తగ్గడమేంటి? మిషన్ పాడైందేమోనని నా వేలికి పెట్టుకుని అవే మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను. 98 నుంచి కదల్లేదు. (రొప్పింది మాత్రం నాన్న కంటే నేనే ఎక్కువ. అది వేరే సంగతి.)

మేం చూపించుకునే చోట ప్రతిసారీ కుర్చీలో కూర్చోబెట్టి క్లిప్పు పెడతారు. చీటీ మీద 96 అని రాస్తారు. మెట్ల సంగతి చెబితే "ఇంట్లో మిషన్లు అలాగే చూపిస్తాయమ్మా" అన్నారు.

నాన్నేమో ఆయాసం అని ఒప్పుకోరు. ఎనిమిదో మెట్టు దగ్గర ఆగి పక్కింటి వాళ్ల మునగచెట్టు వంక చూస్తారు. "కాయ ఎంత పొడుగు దిగిందో చూడమ్మా" అంటారు. రోజూ అదే చెట్టు, అదే కాయ. మునక్కాయల కాలం అయిపోయాక కూడా అదే మాట.

అసలు గొడవ ఇది. తమ్ముడికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నారు. వచ్చింది. 3,550 మెట్లు. "ఇదివరకు ఏడుసార్లు ఎక్కాను, ఈసారి మెల్లగా ఎక్కుతా. 96 ఉందిగా" అంటున్నారు. ఆ 96 నాకిప్పుడు శత్రువులా తయారైంది. ఏం చెప్పి ఆపాలి? లేకపోతే నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

నిత్యయోగి:

96 అంటే చాలా మంచి రీడింగ్ అండీ. ఈ వయసులో మెట్లెక్కితే ఎవరికైనా తగ్గుతుంది. రోజూ పొద్దున అరగంట ప్రాణాయామం చేయించండి, ఆక్సీమీటర్ తీసి లోపల పెట్టేయండి. చూసే కొద్దీ భయం పెరుగుతుంది. స్వామి మీద భారం వేసి ఎక్కమనండి.

రిటైర్డ్ గార్డు, రాజమండ్రి:

పైన రాసినాయనకి నమస్కారం పెట్టి చెబుతున్నాను, ఈ వయసులో ఎవరికైనా తగ్గదు. నాకంటే మూడేళ్లు పెద్దది మా ఆవిడ. పుష్కర ఘాట్ మెట్లెక్కినా 97కి తగ్గదు. తగ్గేది నాకే.

(మూడేళ్లు పెద్దదా అని అడక్కండి. అదో కథ.)

అమ్మాయ్, మీ నాన్నగారి మునగచెట్టు నాకూ ఉంది. మా సందు చివర కిరాణా కొట్టు బోర్డు. రెండేళ్లు ఆ బోర్డు చదువుతూ నిలబడ్డాను. కొట్టాయన ఓ రోజు బయటికొచ్చి "ఏం కావాలండీ, రోజూ చూసి వెళ్లిపోతారు" అని అడిగేదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

నాదీ ఐఎల్‌డీయే. ఐదేళ్లయింది. 34 ఏళ్లు గూడ్సు గార్డుగా చేశాను. (మేం దిగిపోయాక 2022లో ఆ పోస్టుకి ట్రైన్ మేనేజర్ అని పేరు పెట్టారు. జీతం పెరిగితే సంతోషించేవాణ్ణి.) బండి ఏ స్టేషన్ ఎన్నింటికి దాటింది, ఎక్కడ ఎన్ని నిమిషాలు నిలబడింది, ఎందుకు నిలబడింది, ఇవి రాయడమే నా పని. జబ్బు బయటపడ్డాక అదే అలవాటుతో నోటుబుక్ పెట్టాను. అందులో ఒక పేజీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మంచం మీద, లేవకముందు, 95. బాత్రూం దాకా 14 అడుగులు, 91. స్నానం మధ్యలో చెయ్యి తుడుచుకుని చూస్తే 84. తువ్వాలుతో తల తుడుచుకున్నాక 81. మంచం మీద కూర్చుని 92 రావడానికి 5 నిమిషాలు. 95 రావడానికి 8.

ఇది రాసేదాకా నాకు మెట్లే పెద్ద ఘాట్ సెక్షన్ అనుకునేవాణ్ణి. కాదు, స్నానం. చెంబుతో నెత్తిన నీళ్లు పోసుకునేటప్పుడు మనం ఊపిరి బిగపడతాం. రేపు గమనించండి. పదిహేను చెంబులు పోసుకుంటే పదిహేనుసార్లు. పైగా రెండు చేతులూ తల పైన, తలుపు మూసిన గదిలో వేడి ఆవిరి. ఇప్పుడు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటాను, నీళ్లు భుజాల మీంచి పోసుకుంటాను. తలస్నానం వారానికి ఒక్కటే, అదీ మా ఆవిడ పోస్తుంది. ఒళ్లు తుడుచుకోవడం మానేశాను. పెద్ద తువ్వాలు కప్పుకుని కూర్చుంటే అదే పీల్చుకుంటుంది. అదే బాత్రూంలో, అదే నోటుబుక్‌లో 84 ఉన్నచోట 89 వచ్చింది. ఒక్క మందు మార్చలేదు.

కాబట్టి మీ నాన్నగారికి మెట్ల దగ్గరే కాదు, స్నానం దగ్గర, వంగి చెప్పులు వేసుకునే దగ్గర, భోజనం చేసి లేచినప్పుడు కూడా చూడండి.

ఇక డాక్టర్ల సంగతి. నన్నూ ఒకచోట ఏడాది పాటు కుర్చీలోనే చూశారు. వేరే చోటికి వెళితే ఆరు నిమిషాల నడక పరీక్ష అన్నారు. ముప్పై మీటర్ల వరండా, రెండు చివర్లా ఎర్ర టోపీల్లాంటివి పెట్టారు. ఒకమ్మాయి స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడింది. పరుగెత్తకూడదు, వీలైనంత దూరం నడవాలి. ఆయాసమొస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, కానీ గడియారం ఆగదు. ఆ అమ్మాయి కబుర్లు చెప్పదు, నిమిషానికోసారి మాత్రం "బాగా నడుస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలు" అంటుంది. నేను 310 మీటర్లు నడిచాను. మధ్యలో ఒకసారి ఆగాను (అక్కడ చదవడానికి బోర్డు కూడా లేదు). అన్నిటికంటే తక్కువ రీడింగ్ 82. ఆ కాగితం చూపించాక మిషన్ గురించి ఎవరూ మాట్లాడలేదు.

మీరు వాదన పెట్టుకోకండి. "నడిపించి చూడండి" అని అడగండి. ఆ పరీక్ష ఊపిరితిత్తుల డాక్టర్ల దగ్గర మామూలే. ఖర్చూ పెద్దగా ఉండదు.

పల్మనరీ ఫిజియో, హైదరాబాద్:

గార్డు గారి నోటుబుక్ మా డిపార్ట్‌మెంట్‌లో గోడకి అంటించాలి.

అమ్మాయి గారూ, ముందు మీ చిన్న ప్రశ్నకి జవాబు. కూర్చున్నాక తగ్గడం మిషన్ తప్పు కాదు. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ తగ్గిన రక్తం వేలి కొస దాకా రావాలి, మిషన్ కూడా కొన్ని సెకన్ల సగటు తీసి చూపిస్తుంది. రెండూ కలిసి ఇరవై ముప్పై సెకన్లు ఆలస్యం. మీరు చూసిన 83 కుర్చీలోది కాదు, పద్దెనిమిదో పందొమ్మిదో మెట్టు మీదిది. అందుకే ఆగిన వెంటనే క్లిప్పు తీసేయకుండా ఒక నిమిషం ఉంచమంటాం. చెయ్యి ఊపుతుంటే, వేళ్లు చల్లబడితే రీడింగ్ తప్పొస్తుంది. మిషన్ చూపించే పల్స్, మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన పల్స్ దగ్గర దగ్గరగా ఉంటే ఆ ఆక్సిజన్ అంకెనీ నమ్మొచ్చు. ఛామనఛాయ, నల్లటి చర్మం వాళ్లకి ఈ మిషన్లు అసలు కంటే కాస్త ఎక్కువే చూపించే అవకాశం ఉంది. అంటే 83 నిజంగా 83 కంటే తక్కువ కూడా కావచ్చు.

కదిలితే ఎందుకు పడిపోతుంది? విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం ఊపిరితిత్తుల్లోని సన్నటి నాళం దాటడానికి సుమారు ముప్పావు సెకను పడుతుంది. మంచి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నింపుకోవడానికి పావు సెకను చాలు. మిగతా అర సెకను అదనం. మీ నాన్నగారికి గోడ మందమైంది కాబట్టి ఆ అదనం కూడా వాడేసుకుని ఎలాగో 96 తెచ్చుకుంటున్నారు. మెట్లెక్కేటప్పుడు రక్తం వేగంగా పరుగెడుతుంది, ముప్పావు సెకను తగ్గిపోతుంది. గార్డు గారి భాషలో చెప్పాలంటే బండి ఆగే టైము తగ్గింది, పెట్టె తలుపేమో ఇరుకు. సగం మంది ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు. పైగా కండరాలు ఆక్సిజన్ ఎక్కువ లాగేసుకోవడంతో తిరిగొచ్చే రక్తం మరీ ఖాళీగా వస్తుంది.

అందుకే ఐఎల్‌డీలో కూర్చున్నప్పటి అంకె మీద ఆధారపడలేం. సీఓపీడీలో (పొగ వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకై వచ్చే జబ్బు) కూడా కొందరికి ఇలా పడుతుంది గానీ ఐఎల్‌డీలో ఇంకా వేగంగా, ఇంకా లోతుగా పడుతుంది. నడకలో 88కి గానీ అంతకంటే తక్కువకి గానీ వస్తే మేం దాన్ని పట్టించుకోవాల్సిన తగ్గుదలగా రాస్తాం. పరీక్షలో 80 కంటే దిగితే అక్కడికక్కడే ఆపేస్తాం.

మరి ఆక్సిజన్ పెట్టాలా? ఇక్కడ ఒకే జవాబు లేదు. అమెరికాలో 738 మంది సీఓపీడీ వాళ్ల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. విశ్రాంతిలోనో నడకలోనో ఓ మాదిరిగా తగ్గేవాళ్లకి ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చినా ఆయుష్షులో, ఆసుపత్రి పాలవడంలో తేడా రాలేదు. విశ్రాంతిలోనే బాగా తక్కువ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి రోజుకి 15 గంటలకి పైగా పెడితే ఆయుష్షు పెరుగుతుందని 1980ల నుంచీ తెలుసు. ఐఎల్‌డీలో నడకలో మాత్రమే తగ్గేవాళ్ల మీద బ్రిటన్ అధ్యయనం 2018లో వచ్చింది. 84 మంది, రెండు వారాలు ఆక్సిజన్‌తో, రెండు వారాలు లేకుండా. ఆక్సిజన్ ఉన్న వారాల్లో ఆయాసం తగ్గింది, రోజువారీ బతుకు మెరుగైంది. అంటే మీ నాన్నగారి లాంటి వాళ్లకి ఉపయోగం ఉండొచ్చు. నడిపించి, ఎన్ని లీటర్లకి ఎంత నిలబడుతోందో చూసి డాక్టర్ రాయాలి.

వ్యాయామం మాత్రం మానిపించకండి. చాలామంది ఇక్కడే పొరపడతారు, 83 చూసి మనిషిని మంచానికి అతికించేస్తారు. కాళ్ల కండ కరిగితే అదే పనికి ఇంకా ఎక్కువ ఆయాసం. ఒక నిమిషం నడక, ఒక నిమిషం నిలబడటం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. అర లీటరు నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం. మేం వారానికి రెండు మూడుసార్లు చొప్పున ఎనిమిది వారాలు చేయిస్తాం. పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊదడం సీఓపీడీ వాళ్లకి బాగా పనికొస్తుంది, ఐఎల్‌డీలో అంత తేడా కనపడదు. ప్రాణాయామం చేస్తే చేయనివ్వండి, కానీ కుంభకం, అంటే ఊపిరి బిగపట్టడం, వద్దు. గార్డు గారు చెంబు దగ్గర చెప్పింది అదే.

ఒక్కటి అడగాలి. ఇంట్లో కూలర్ వాడతారా? మేడ మీద పావురాలు ఉన్నాయా?

మానేరు ఒడ్డు:

మాది కరీంనగర్. మా అమ్మకు సీఓపీడీ. సిగరెట్ కాదు, నలభై ఏండ్లు కట్టెల పొయ్యి. ఫిజియో మేడం చెప్పని ఒక మాట చెప్తా, మేం చేసిన తప్పు కాబట్టి. అమ్మ బాత్రూం పోయి వస్తే 85 చూపెట్టింది. నేను భయపడి కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) రెండు నుంచి ఐదుకు తిప్పిన. 97 వచ్చింది, మస్తు సంతోషపడ్డం. రెండు గంటలకు అమ్మ మత్తుగా పడుకుంది, లేపితే పలుకుత లేదు. ఆసుపత్రికి తీస్కపోతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందన్నరు. ఆమెకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలట. అప్పటి నుంచి ఆ నాబ్ మీద ప్లాస్టర్ వేసినం. మీ నాన్నది వేరే జబ్బు, కానీ డాక్టర్ రాసిన నంబరు మీరు సొంతంగా మార్చకండి.

గుంటూరు అమ్మాయి:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. మేడమ్, పావురాలు లేవు. కూలర్ ఉంది! గడ్డి పెట్టే పాతకాలం ఇనప కూలర్. పన్నెండేళ్లది. మార్చి నుంచి జూన్ దాకా నాన్న మంచం పక్కనే తిరుగుతుంది. గడ్డి ఏడాదికోసారి మారుస్తాం... నిజం చెప్పాలంటే పోయినేడు మార్చలేదు. దాన్ని ఎందుకడిగారు?

పల్మనరీ ఫిజియో, హైదరాబాద్:

తడి గడ్డిలో బూజు పెరుగుతుంది, ఆ గాలి రాత్రంతా పీలిస్తే కొందరి ఊపిరితిత్తులు దాని మీద తిరగబడతాయి. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. 2017లో వచ్చిన మన దేశపు ఐఎల్‌డీ రిజిస్ట్రీలో 1,084 మంది ఉంటే దాదాపు సగం మందికి తేలింది ఇదే. వాళ్లలో చాలామంది ఇళ్లలో కూలర్లు ఉన్నాయి. మీ నాన్నగారిది అదేనని నేను అనను, అది డాక్టర్ తేల్చాలి. కానీ ఈ మాట తప్పకుండా చెప్పండి, అడగకపోయినా చెప్పండి. ఈలోపు దాన్ని ఆ గదిలోంచి తీసేయండి.

అలిపిరి గురించి: తిరుమల రమారమి 2,800 అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో గాలి పలచబడేది కొద్దిగానే. సమస్య కొండ కాదు, మెట్లు. 19 మెట్లకి 83 వచ్చిన మనిషి 3,550 ఎక్కడం మెల్లగా వెళితే తీరే విషయం కాదు. వయసు పైబడిన వాళ్లు, ఉబ్బసం, గుండె జబ్బులున్న వాళ్లు నడక దారిలో రావద్దని టీటీడీ వాళ్లే చెబుతున్నారు.

రిటైర్డ్ గార్డు, రాజమండ్రి:

ఆక్సిజన్ రాస్తే మాత్రం కొనేముందు నా అనుభవం వినండి. చేత్తో పట్టుకెళ్లే చిన్న కాన్సన్‌ట్రేటర్ అద్దెకి తెచ్చాను. దాని మీద 2 అని ఉంటే రెండు లీటర్లు అనుకున్నాను. కాదట. అది మనం ముక్కుతో పీల్చినప్పుడు మాత్రమే ఒక దమ్ము వదులుతుంది. గోదావరి గట్టు మీద నడుస్తూ నోటితో పీల్చేసరికి అది మౌనవ్రతం పట్టింది. 5లో పెట్టినా 84 దాటలేదు. కొందరికి సరిపోతుంది, నాకు సరిపోలేదు. మీరు కొనేముందు ఆయనకి తగిలించి, నడిపించి, వేలికి పెట్టి చూడండి. కుర్చీలో ట్రయల్ చూసి డబ్బు కట్టొద్దు.

ఇంట్లో ఐదు లీటర్ల పెద్ద మిషన్ వాడుతున్నాను, పొడుగు ట్యూబు, బాత్రూం దాకా వస్తుంది. కరెంటు పోతే బి టైపు సిలిండర్. నిండుగా ఉంటే 1,500 లీటర్లు, నిమిషానికి రెండు చొప్పున పన్నెండు గంటలు చిల్లర. ఇంకో మాట, మీ ఇంట్లో దేవుడి గూడు ఎక్కడుంది? ఆ ట్యూబుతో దీపం దగ్గరికి, అగరొత్తుల దగ్గరికి, గ్యాస్ స్టవ్ దగ్గరికి పోకూడదు. మా ఇంట్లో దీపారాధన ఇప్పుడు పెరటి తులసికోట దగ్గరికి మారింది. హారతి మా ఆవిడ అక్కణ్ణుంచే చూపిస్తుంది, నేను కిటికీలోంచి కళ్లకద్దుకుంటాను.

మొక్కు గురించి. "ఎక్కొద్దు" అంటే ఎక్కుతారు, మా తరం అంతే. ఆయన్ని 19 మెట్లు ఎక్కనిచ్చి, ఆయన వేలికే క్లిప్పు పెట్టి, చదవమని ఆయనకే ఇవ్వండి. మీరేం మాట్లాడొద్దు.

గుంటూరు అమ్మాయి:

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఏమనుకోకండి.

గార్డు గారు చెప్పినట్టే చేశాను. మెట్లెక్కి కూర్చుని ఆయనే చదివారు. 89... 87... 84... 82. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "ఇది నాదేనా?" అన్నారు. నా వేలికి పెట్టి చూశారు, 98. అమ్మ వేలికి పెట్టారు, 97. తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర "ఆ మునగచెట్టు కొట్టేసి నాలుగు నెలలైందే, నువ్వు చూళ్లేదా" అన్నారు. నేను నిజంగానే చూళ్లేదు. ఆయన ఆగడమే చూశాను.

వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. నడక పరీక్షలో 265 మీటర్లు, అన్నిటికంటే తక్కువ 81. రెండు లీటర్ల ఆక్సిజన్‌తో మళ్లీ నడిపిస్తే 88 కంటే దిగలేదు. దూరం మాత్రం ముప్పై మీటర్లే పెరిగింది. నడిచేటప్పుడు, స్నానానికి పెట్టుకోమన్నారు. ఎకో (గుండె స్కాన్) కూడా తీశారు, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెద్దగా లేదన్నారు. కూలర్ మాట చెబితే డాక్టర్ పెన్ను కింద పెట్టి మొదటి నుంచి మళ్లీ చెప్పమన్నారు. ఇంకో పరీక్ష రాశారు. కూలర్ అయితే పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చేశాం. ప్లాస్టిక్ స్టూలు కొన్నాం. అమ్మకి అన్నిటికంటే నచ్చింది ఆ స్టూలే, తనూ దాని మీదే స్నానం చేస్తోంది.

మొక్కు విషయం నాన్నే తేల్చుకున్నారు. అలిపిరిలో మొదటి మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, తను బస్సులో వస్తారట. మెట్లు తమ్ముడు ఎక్కాలట. "ఉద్యోగం వాడికొచ్చింది, నాక్కాదుగా" అంటున్నారు. తమ్ముడు అప్పుడే మోకాళ్ల నొప్పులు అంటున్నాడు. వచ్చే నెల 12న ప్రయాణం.

రిటైర్డ్ గార్డు, రాజమండ్రి:

బ్రహ్మాండం. దర్శనం క్యూలో నిలబడటం కూడా నడకే అని గుర్తుపెట్టుకో. ఘాట్ రోడ్డు మీద ఒకసారి, క్యూలో ఒకసారి వేలికి పెట్టి రాయించు, టైముతో సహా. వచ్చాక ఇక్కడ పెట్టు. మీ తమ్ముడివి కూడా.